ఇంటికి పైసా నష్టం లేదు

తన దగ్గర లేని సరుకు అమ్మినవాడే ఈ లోకంలో హాయిగా నిద్రపోతాడు! నమ్మరా? కాకినాడ మెయిన్ రోడ్డులో బట్టలకొట్టు గున్నేశ్వరరావుని చూడండి.

ఆయన భార్య కన్యకాపరమేశ్వరికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఓ ఎరువుల కంపెనీ షేర్లు వెయ్యి ఇచ్చారు. షేరు ఇరవై రూపాయలు. ఆ ఏడు వానలు లేవు, ధర కూలిపోతుందని పుకారు పుట్టింది. గున్నేశ్వరరావుకి ముద్ద దిగలేదు.

"అమ్మేద్దాం పరమేశ్వరీ!"

"పుట్టింటి సొత్తు పరాయివాళ్ళకి అమ్మనండి," అంటూ ఆవిడ బీరువా తాళం బొడ్డున దోపుకుంది.

అప్పుడు బ్రోకరు నాగేశ్వరప్రసాద్ ఆయన చెవిలో అమృతం పోశాడు. షార్ట్ సెల్లింగ్! చేతిలో లేని షేర్లు వెయ్యి ఇవాళ ఇరవైకి అమ్మెయ్యాలి. గడువునాటికి కొని అప్పజెప్పాలి. ధర పడిందా? బీరువాలో తగ్గినంతా బ్రోకరు దగ్గర లాభం. పెరిగిందా? బ్రోకరు దగ్గర పోయినంతా బీరువాలో లాభం.

"ఎటుపోయినా ఇంటికి పైసా నష్టం లేదండి!"

ఇంతకన్నా వరం ఉందా? ఇన్సూరెన్సు డబ్బు రావాలంటే మనిషి పోవాలి. దీనికి అదీ అక్కర్లేదు! గున్నేశ్వరరావు ఆ పూటే అమ్మించేశాడు. భార్యతో పిఠాపురం వెళ్ళి కుక్కుటేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ధర పెరగాలని ఆవిడ మొక్కింది. ఏమైనా ఫరవాలేదని ఆయన మొక్కాడు! దేవుడికి ఇంత సుఖమైన భక్తుడు ఎక్కడ దొరుకుతాడు?

దేవుడు ఆవిడ మాటే విన్నాడు. కుండపోతగా వానలు. షేరు ముప్పైరెండు! గడువు మీదపడింది. కొని అప్పజెప్పాలంటే, అమ్మగా వచ్చిన ఇరవైవేల పైన ఇంకో పన్నెండువేలు కావాలి. దసరా సరుకుకని ఆయన దాచింది సరిగ్గా అంతే.

ఆయనేం కంగారుపడలేదు. బీరువా ఉందిగా!

"నీ షేర్లు ఇలా ఇయ్యి. అవే అప్పజెప్పి, బ్రోకరిచ్చే ఇరవైవేలూ నీ చేతిలో పోస్తాను."

"బజార్లో ముప్పైరెండు కదండీ?"

"నీదీ నాదీ వేరేంటి? ఇంటికి నష్టం లేదుగా!"

"నేనూ అదే అంటున్నాను. ముప్పైరెండుకే తీసుకోండి."

"అమ్మనన్నావుగా!"

"పరాయివాళ్ళకి అమ్మనన్నాను. మీరు పరాయివాళ్ళేంటండీ? బ్రోకరేజీ కూడా తీసుకోన్లెండి."

చూశారా పాఠకులారా, బ్రోకరు మాట అక్షరాలా నిజమైంది! ఇంటికి పైసా నష్టం లేదు.

దసరాకి గున్నేశ్వరరావు కొట్లో కొత్త సరుకు దిగలేదు, అంతే. కన్యకాపరమేశ్వరి మాత్రం కొత్త పట్టుచీర కట్టింది. ఎదురు కొట్లో కొనుక్కుంది.