జానయ్య కొట్టు బోర్డు సమరం

భాగ్యనగర ప్రాగ్దిశాభాగమున, బస్సుల ఘోరహారన్ నినాదములకు దిక్కులు పిక్కటిల్లు ఎల్బీనగర్ చౌరస్తా చెంత, ఒక శుభదినమున, నల్లగొండ సీమనుండి తరలివచ్చిన వీరుడును, సర్వపిండి నిర్మాణ ధురంధరయగు సుమిత్రమ్మకు పతియును నగు జానయ్య, భార్య చేతివంటను నమ్ముకొని కొట్టొకటి కిరాయికి పట్టెను. ఇక బోర్డొక్కటే కొరత.

"బోర్డులు గీసుడే మన గల్లీ పౌలన్న బిడ్డ సాధన పని. ఆమెకు చెప్దాం" అనెను సుమిత్రమ్మ.

జానయ్య ప్లాస్టిక్ కుర్చీనుండి దిగ్గున లేచి మీసము దువ్వి గర్జించెను: "ఓసి పిచ్చిదానా! ఇంతమంది చుట్టాలుండంగ పైసలిచ్చి గీయించుడేంది? ఫ్యామిలీ గ్రూపుల బోర్డు బొమ్మకు పోటీ పెడ్త! గెలిచినోళ్లకు శాలువ కప్పుత!"

అయ్యో, ఎంత మాటన్నాడు మహానుభావుడు!

తత్క్షణమే వాట్సాప్ రణరంగమున బొమ్మల శరవర్షము కురిసెను. బామ్మర్ది అంతయ్య నెమలిని ప్రయోగించెను. నాగోల్ మేనత్త పూర్ణకుంభమును విసిరెను. కర్మన్‌ఘాట్ చిన్నమామ, సిగ్గేమియు లేక, కూలింగ్ గ్లాసులతో తన ఫోటోనే పంపెను.

"బావా, నా నెమలి లేకుంటే నీ కొట్టు గడప తొక్క!" అని అంతయ్య భీషణప్రతిజ్ఞ చేయగా, తక్కినవారును అదే పాట అందుకొనిరి. బంధుజనభీరువగు జానయ్య ఏమి చేయవలె? బొమ్మలన్నిటిని ఒక్క ఫ్లెక్సీ మీదికి ఎక్కించి, అందరికిని శాలువలు కప్పెను. కొట్టు పేరు మాత్రము చిన్నమామ మోచేతి క్రింద ఇరుక్కొని ఊపిరాడక యుండెను.

ప్రారంభమైన నాడు చుట్టాలు తిని, దీవించి, వెడలిపోయిరి. పిదప గిరాకీ లేదు. వేడి సర్వపిండి చల్లబడుచుండెను. ఇంతలో ఒక బైకు ఆగెను! దంపతులు గడపదాక ఎదురేగిరి.

"అన్నా, పెండ్లి ఫ్లెక్సీ పొద్దుగూకే వరకు కొట్టిస్తరా?" అనెను ఆ పురుషుడు, బోర్డు చూచి.

సుమిత్రమ్మ కన్నులు చెమర్చెను. అట్లకాడ పైకెత్తి పలికెను: "సూడయ్యా! పొయ్యి కాడ చేతులు కాల్చుకుంటి, నేనేం జేస్తనో బాటెంట పోయేటోనికి ఎర్కలేకపాయె! అందరికి శాలువ కప్పినవ్. నా కష్టం మీద గూడ కప్పినవ్!"

జానయ్య తల వంగెను. సాధనకు తానే ఫోన్ చేసెను.

సాధన వచ్చెను, చూచెను, నెమలిని పీకెను, కుంభమును దించెను, చిన్నమామను సగౌరవముగా తొలగించెను. పసుపు బోర్డు మీద నల్లని పెద్ద అక్షరములు వెలసెను: సుమిత్రమ్మ సర్వపిండి.

"నా నెమలేది బావా?" అని అంతయ్య హుంకరించుచు వచ్చెను గాని, అక్క అతని చేత వేడి ముక్క పెట్టి, "తిను తమ్మీ, సల్లారిపోతది" అనగా, గడప తొక్కననిన ప్రతిజ్ఞ మరచి లోపలే కూర్చుండెను.

అంతట రోడ్డుకావల నిలిచిన ముసలవ్వ ఒకతె కన్నులు చిట్లించి బిగ్గరగా చదివెను: "సుమిత్రమ్మ... సర్వపిండి! అగో! ఒక్కటి కట్టు బిడ్డా, ఒస్తున్న!"

వినుడు, దిక్పాలకులారా! సర్వపిండి కొట్టున ఒక మనిషి సర్వపిండి అడిగెను! సుమిత్రమ్మ గెలిచెను!