ఒక్క జబ్బూ లేని క్రీడోత్సవం

“ఈ క్రీడోత్సవంలో గాయాలు సున్నా, జబ్బులు సున్నా. ఇంతవరకూ ఎవరూ సాధించని ఈ ఘనత మన గౌరవనీయ క్రీడాశాఖ మంత్రిగారి దూరదృష్టికి నిదర్శనం.”

బుధవారం ఉదయం ఎనిమిదింటికి క్రీడాకారుల వసతి ప్రాంగణంలో మైకు ఇలా ప్రకటిస్తున్నప్పుడు, మా క్లినిక్ ముందు అరవై మూడు మంది పొట్టలు పట్టుకుని క్యూలో ఉన్నారు. ప్రకటన మొత్తం శ్రద్ధగా విన్నారు. ఒక బాక్సరు మాత్రం మధ్యలో ఆగలేక పరుగందుకున్నాడు. ఆ వేగం చూసి పక్కనున్న పరుగుల కోచ్ అలవాటుకొద్దీ స్టాప్‌వాచ్ నొక్కాడు.

నేను ఆ క్లినిక్‌లో రిజిస్టరు గుమస్తాని. వచ్చినవాళ్ళ పేరు, ఆట, బాధ, వేళ రాసుకోవడం నా పని. మంత్రిగారి సున్నా ఊరికే రాలేదని, దాని వెనక ఎంత కృషి ఉందో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి పాఠకులకు చెప్పడం నా ధర్మం.

స్ట్రెచరు కనబడితే ఎవరికో దెబ్బ తగిలిందని జనం అపోహపడతారు. అందుకని స్ట్రెచర్లన్నీ ముందే గోదాములో పెట్టి తాళం వేయించారు. మైదానంలో ఎవరైనా పడిపోతే నలుగురు వాలంటీర్లు భుజాలకెత్తుకుని, చేతిలో పూలగుత్తి పెట్టి, ఊరేగిస్తూ బయటికి తేవాలి. సోమవారం చీలమండ విరిగిన హైజంపర్‌ని అలా తెస్తుంటే స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మర్నాడు పేపర్లో విజేతగా అతని ఫోటోనే వేశారు. అసలు గెలిచినవాడు తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళిపోయాడు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

రిజిస్టరులో భాష కూడా మారింది. మార్చినవారు క్రీడోత్సవ కమిటీ సెక్రటరీగారు. మంత్రిగారికి ముక్కు దురద పుట్టకముందే జేబురుమాలు అందించగల మనిషి. ఆదివారం ఆయన ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, భుజం జారిన మల్లయోధుడికి ‘భుజం విశ్రాంతి కోరింది’ అని రాశాను. వాంతులు చేసుకున్నవాళ్ళకి ‘ఆహారం పట్ల అయిష్టత ప్రదర్శించారు’ అని రాశాను.

అయితే అరవై మూడు మంది ఒకేసారి అయిష్టత ప్రదర్శించేసరికి విలేకరులు గేటు దగ్గర మూగారు. సెక్రటరీగారు క్లినిక్‌లోకి వచ్చి, తలుపు మూసి, మా డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నారు.

“దీనికి కారకులెవరో మధ్యాహ్నం మూడింటికల్లా తేలాలి. ప్రెస్‌మీట్‌లో మంత్రిగారు పేరు ప్రకటిస్తారు.”

“లేని జబ్బుకి కారకులెందుకండీ?” అంది డాక్టరమ్మ.

“కారకుల్ని పంపించేస్తేనే కదమ్మా, లేకుండా పోయేది.”

ఇది చేతుల ద్వారా అంటుకునే కడుపు వైరస్ అని, ఎవరి చెయ్యి ఎవరికి తగిలిందో ఆరా తీస్తే మూలం దొరుకుతుందని ఆవిడ వివరించబోయింది. అంత దూరం అక్కర్లేదన్నారు సెక్రటరీగారు. నా బల్ల మీది నీలం రిజిస్టరు లాక్కుని మొదటి పేజీ తిప్పారు. మొట్టమొదటి పేరు, సోమవారం ఉదయం ఆరుగంటలకి వచ్చినది, ఎనిమిది వందల మీటర్ల పరుగు అమ్మాయిది. నేరపరిశోధన పదకొండు సెకన్లలో పూర్తయింది.

ఆ అమ్మాయికి అంతంత పొడుగు కాళ్ళు ఉండటం వల్ల ప్రాంగణంలో అందరూ కొంగ అని పిలుస్తారు. ప్రారంభోత్సవంలో జెండా పట్టుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది తనే. సోమవారం పడిపోయి, మంగళవారానికి కోలుకుని, డాక్టరమ్మ సరేనన్నాక పరుగెత్తి ఫైనల్‌కి చేరింది. ఫైనల్ ఈరోజు నాలుగింటికి. ఆరేళ్ళ సాధన ఈ రెండు నిమిషాల కోసమే. జబ్బు మోసుకొచ్చిందని పేరు పడితే పోటీ నుంచి తీసేస్తారు, ఆపైన రెండేళ్ళు నిషేధం.

పిలిపిస్తే మేనమామని వెంటబెట్టుకుని వచ్చింది. కోచ్ కూడా ఆయనే.

“మా పిల్ల నిజాయితీగా వచ్చి చెప్పుకుంది సార్. అందుకే ముందు దాని పేరుంది,” అన్నాడాయన.

“అదే తప్పు. క్రమశిక్షణ ఉన్నవాళ్ళు సాయంత్రం దాకా ఓర్చుకున్నారు.”

“మరి నాకెవరు అంటించారో చూడరా?” అంది కొంగ.

“నీకంటే ముందు పుస్తకంలో ఎవరూ లేరమ్మా.”

నేను దగ్గాను. డాక్టరమ్మ నా వంక చూసింది. నా బల్ల సొరుగులో ఎర్ర గుడ్డ అట్ట వేసిన రెండో పుస్తకం ఉంది. పెద్దవాళ్ళ పేర్లు మామూలు మనుషుల పేర్లతో కలవకూడదని సెక్రటరీగారే వేరుగా పెట్టించారు. పెట్టించి మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. అందులో ఒకే ఒక్క పేరుంది.

ఇక్కడ శనివారం సంగతి చెప్పాలి. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం మంత్రిగారు మా క్లినిక్‌ని ఆకస్మికంగా తనిఖీ చేశారు. నిజంగానే ఆకస్మికం. కారు పూర్తిగా ఆగకముందే దిగి లోపలికి పరుగెత్తారు. గంటలో మరుగుదొడ్డిని ఐదుసార్లు పరిశీలించారు, ప్రతిసారీ లోపల గడియ పెట్టుకుని మరీ. ఇంత లోతైన తనిఖీ నా సర్వీసులో చూడలేదు. పత్రికలు కూడా మెచ్చుకున్నాయి.

మర్నాడు ప్రారంభోత్సవంలో ఆయన వెయ్యీ రెండు వందల నలుగురు క్రీడాకారులకి స్వయంగా కరచాలనం చేసి రికార్డు సృష్టించారు. చేతికి తొడుగు వేసుకోండని డాక్టరమ్మ అంటే, యువతకీ తనకీ మధ్య ఏ అడ్డూ ఉండకూడదన్నారు. మైకులోనే అన్నారు.

ఇక బుధవారానికి వస్తే, సెక్రటరీగారు వెళ్ళాక డాక్టరమ్మ కుళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది.

“రోగి తనంతట తాను సరేనంటే తప్ప ఎవరి వివరాలూ బయటపెట్టడానికి లేదు. ఎంత పెద్ద రోగి అయినా అంతే.”

“సరేనంటేనో?” అన్నాను.

“అన్నాక చదువుకో. కానీ ఎవరంటారు?”

మూడింటికి హాలు నిండిపోయింది. మంత్రిగారు వస్తూనే గుమ్మం దగ్గరున్న పన్నెండు మంది విలేకరులకి కరచాలనం చేశారు. కొంగ ముందు వరసలో కూర్చుంది. నంబరు గుడ్డ అప్పటికే బనీనుకి గుచ్చుకుంది, బూట్లు ఒళ్ళో ఉన్నాయి. మేనమామ వేదిక పక్కన నిలబడ్డాడు. బల్ల మీద బహిష్కరణ ఉత్తర్వు టైపు చేసి సిద్ధంగా ఉంది. కారకుల పేరు సభలో ప్రకటించాకే ఖాళీలో రాయాలని నియమం కాబట్టి సెక్రటరీగారు కలం మూత తీసి పట్టుకున్నారు.

ఈ క్రీడోత్సవంలో జబ్బులు లేవని మంత్రిగారు మరోసారి స్పష్టం చేశారు. ఆ లేని జబ్బుని తెచ్చినవాళ్ళని మాత్రం ఉపేక్షించేది లేదన్నారు. రుజువేమిటని ఒక విలేకరి లేచి అడిగింది. మంత్రిగారు నవ్వి, పారదర్శకత తన ఊపిరి అని చెప్పి, క్లినిక్ గుమస్తాని పుస్తకంతో సహా వేదిక మీదికి పిలవమన్నారు.

నేను రెండు పుస్తకాలూ చంకలో పెట్టుకుని వెళ్ళాను.

“సార్, రిజిస్టర్లు రెండున్నాయి. ఏది చదవమంటారు?”

ఎర్ర అట్ట చూడగానే సెక్రటరీగారి మొహం సుద్దముక్కలా అయింది. వంగి మంత్రిగారి చెవిలో నీలందే, నీలందే అని ఊదసాగారు. కెమెరాల ముందు ఎవరైనా తన చెవిలో ఊదితే మంత్రిగారికి నచ్చదు. పైగా ఆయనకి ఆ పుస్తకం ఒకటుందనే తెలియదు. తనిఖీలని రోగుల పుస్తకంలో రాస్తారని ఏ మంత్రి మాత్రం ఊహిస్తారు?

“రెండూ చదవండి. దాచడానికి నా దగ్గరేముంది?”

“ఎర్రదాంట్లో ఉన్న రోగి అనుమతి కావాలంటుంది సార్, మా డాక్టరమ్మ.”

“నేనిస్తున్నా అనుమతి. సంతకం కూడా కావాలా?”

ఇప్పిస్తే మేలన్నాను. అట్ట లోపలి ఖాళీ కాగితం మీద చదవడానికి అనుమతిస్తున్నట్టు ఒక వాక్యం రాసి పట్టుకున్నాను. మంత్రిగారు కెమెరాల వైపు చూస్తూ సంతకం చేశారు. ఏ కాగితమూ చదవకుండా సంతకం చేయగలగడమే ఆయన పాలనావేగానికి రహస్యం. వెనక వరసలో డాక్టరమ్మ తల ఊపింది.

సెక్రటరీగారు మైకు తీగ అందుకుని లాగారు. రాలేదు. తీగ మీద మేనమామ కాలుంది. ఆయన పైకప్పు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

నేను చదివాను. “శనివారం, సాయంత్రం ఐదూ పది. బాధ, వాంతులు మూడు, విరేచనాలు ఐదు.” భాష సంస్కరించే ఉత్తర్వు ఆదివారం వచ్చింది కాబట్టి శనివారం పాత తెలుగే రాసి ఉన్నాను. “డాక్టరు సలహా, రెండు రోజులు ఎవరికీ చెయ్యి ఇవ్వరాదు. రోగి సమాధానం, అలాగే.”

హాల్లో కెమెరాల చప్పుడు ఆగిపోయింది. ఆ పన్నెండు మంది విలేకరులు తమ కుడిచేతులు చూసుకున్నారు. మంత్రిగారి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది కానీ, చెయ్యి మాత్రం నెమ్మదిగా బల్ల కిందికి వెళ్ళింది.

“ఇక చాలు. సమయం లేదు,” అన్నారు సెక్రటరీగారు.

కొంగ గోడ గడియారం చూసింది. మూడూ ఇరవై. బూట్లు కాళ్ళకి తొడుక్కుని, లేసులు బిగించుకుని లేచి నిలబడింది.

“పేరు చదవలేదు బాబాయ్.”

నేను మంత్రిగారి వైపు చూశాను. రాతపూర్వకమైన అనుమతి నా చేతిలో ఉంది, ప్రభుత్వ ఉద్యోగిగా దాన్ని పాటించక తప్పదు. గొంతు సవరించుకుని, చివరి వరసకి కూడా వినబడేట్టు చదివాను.

“రోగి పేరు, గౌరవనీయ క్రీడాశాఖ మంత్రిగారు.”