ఎక్కడికని అడగకూడదు

పుంగనూరు బజారులో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్మే చెంగల్రాయుడు 1998లో ఒక బుధవారం పొద్దున కొట్టు తెరవకూడదని నిశ్చయించుకున్నాడు. బస్సులో కుప్పం పోయి, అక్కడ రైలెక్కి, మద్రాసులో సముద్రం చూసి రావాలని ఆయన పథకం. ఈ ఆశ ఇరవయ్యేళ్ల వయసులోనే పుట్టింది. అప్పుడు స్నేహితులు పిలిస్తే "సూద్దాం లే" అన్నాడు. కొట్టు పెద్దది చేయమంటే సూద్దామన్నాడు, ఇల్లు మారమంటే సూద్దామన్నాడు. పెళ్లొక్కటే ఆయన్ని అడక్కుండా జరిగిపోయింది. పోయిన వారం గడ్డం గీసుకుంటూ అద్దంలో ఒక్క నల్లవెంట్రుకైనా కనిపిస్తుందేమోనని వెతికాడు. కనిపించలేదు. సముద్రం చూడకుండానే పోతానేమోనని మొదటిసారి భయమేసింది.

ఆ వారమంతా ఆయన ఈ లోకంలో లేడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. కొట్టులో నీలం దుప్పటి విప్పి ఒళ్లో పరుచుకుని, దాన్నే చూస్తూ కూర్చునేవాడు. పెద్దమండ్యం నుంచి వచ్చిన బేరగాడొకడు కాసేపు దగ్గి, ఆ దుప్పటి అమ్మేది కాదనుకుని వెళ్లిపోయాడు.

బుధవారం ఆయన సంచితో గడప దాటుతుంటే భార్య అమరావతికి అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ బయలుదేరే మనిషిని ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. "నీళ్లు తాగి పోండి" అని మాత్రం అంది. ఆమె అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. చెబితే వద్దంటుందేమోనన్న బెంగ తీరిందని సంబరపడ్డాడు. ఆ సంబరమే కొంప ముంచింది.

బస్సులో పక్కన సుబ్బయ్య కూర్చున్నాడు. మదనపల్లె మార్కెట్లో టమాటాల వ్యాపారి, పాత పరిచయం. "ఏమప్పా రాయుడూ, బాగుండావా?" అన్నాడు. "ఉండాను" అన్నాడు రాయుడు, కలలోంచి. చేతిలో కుప్పం టికెట్టు, సంచిలో తువ్వాలు, ఒక జత బట్టలు. అడగకూడదు కాబట్టి సుబ్బయ్య ఊహించాడు. కుప్పంలో రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరు ఆసుపత్రికి పోతున్నాడు. వేలూరికి బస్సులుండగా రైల్లో పోతున్నాడంటే బస్సులో కూర్చోలేని జబ్బే. చెంగల్రాయుడు కిటికీలోంచి చింతచెట్ల మీద అలలను ఊహించుకుంటూ కళ్లు మూసుకున్నాడు. సుబ్బయ్య జాలిపడి తన తువ్వాలుతో విసరసాగాడు.

గంగవరంలో సుబ్బయ్య దిగాడు. బస్టాపు ఎదురుగా టీ హోటలు నడిపే సుబ్రమణ్యం అమరావతికి సొంత తమ్ముడు. "మీ బావ కుప్పంలో రైలెక్కి వేలూరు పోతాండాడప్పా. కండ్లు గూడా తెరవలేకుండా ఉండాడు" అని సుబ్బయ్య చెవిన వేశాడు. ఆలోపే బస్సు కదిలిపోయింది. సుబ్రమణ్యం ఫోను బూత్‌కు పరుగెత్తాడు.

"అక్కా, బావకి అంత జబ్బయితే నాకు యాల సెప్పలేదు?"

అమరావతికి ఆయన సగం కలిపి వదిలేసిన అన్నం గుర్తొచ్చింది. నీలం దుప్పటి సంగతి బజారంతా చెప్పుకున్నదే. "నాకే సెప్పలేదు రా" అంది, కూలబడిపోయి. తనను బాధపెట్టడం ఇష్టం లేక ఒంటరిగా పోతున్నాడనుకుంది. పెళ్లయ్యాక ఆయన మీద ఇంత ప్రేమ ఆమెకు ఎప్పుడూ పొంగలేదు. తమ్ముడు టమాటాల వ్యాను అడిగి తెచ్చేలోపు ఫ్లాస్కులో గంజి పోసి, తలదిండు పట్టుకుని వీధిలో నిలబడింది.

కుప్పంలో రైలు ఆలస్యం. చెంగల్రాయుడు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉప్పుగాలి పీల్చుకుంటున్నాడు. అంతలో దిండుతో భార్య, ఆమె వెనుక బావమరిది పరుగున వచ్చారు. అమరావతి ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు చెంగల్రాయుడు. ఇక ఈ జన్మకు సముద్రం లేదని తేలిపోయింది.

"పాండి, ఇంటికి పోదాం" అన్నాడు సంచి తీసుకుంటూ.

"ఈడిదాకా వచ్చి భయపడితే ఎట్ల బావా? మేము ఉండాము గదా" అన్నాడు సుబ్రమణ్యం.

రైలొచ్చింది. ఆయన స్టేషను బయటి గేటు వైపు నడవబోతే ఇద్దరూ చెరో రెక్క పట్టి ఎత్తి పెట్టెలో వేశారు. జనాన్ని లేపి, సీటు మీద పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టారు. రైలు కదిలింది.

"ఎవురు పోయినారు?" అన్నాడు చెంగల్రాయుడు నీరసంగా.

"పోయే మాటలు వద్దు. వేలూరులో మంచి డాక్టర్లు ఉండారంట" అంది అమరావతి.

"వేలూరు యాల? నేను సముద్రం సూడను పోతాండాను."

సుబ్రమణ్యం దిండు వైపు చూశాడు. అమరావతి కళ్లు తుడుచుకుని, ఫ్లాస్కు మూత తీసి, గంజి తనే తాగింది.

"ఒక మాట సెప్పకూడదా?"

"నువ్వు అడగలేదు గదా."

"అడగకూడదని అడగలేదు." కిటికీ వైపు చూస్తూ గొంతు తగ్గించి అంది. "నాకూ సూడాలనే ఉండాది. మా యమ్మోళ్లింట్లో ఉన్నప్పటి నుంచీ."

చెంగల్రాయుడికి సిగ్గేసింది. ఇంట్లోనే ఉన్న మనిషిని నీకేం కావాలని అడిగితే ఏ పనీ చెడేది కాదు. అయినా ఆయన ఎన్నడూ అడగలేదు. మెల్లగా లేచి కూర్చుని ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చాడు.

ఆ రాత్రి మద్రాసు స్టేషన్లోనే పడుకుని, తెల్లవారి ముగ్గురూ సముద్రానికి పోయారు. నీళ్లూ ఆకాశమూ ఇంకా విడిపోలేదు. అమరావతి కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎవరినీ అడక్కుండా నీళ్లలోకి నడిచింది. తమ్ముడు వెంట పోయాడు. చెంగల్రాయుడు మాత్రం అందరి చెప్పులూ ముందు పెట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.

"రాకూడదా?" అని నీళ్లలోంచి అడిగింది అమరావతి.

"సెప్పులు ఎవురు సూసుకుంటారు?"

అమరావతి ఇంకాస్త లోపలికి నడిచింది. అల మోకాళ్లకు తగిలినప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు ఆయన ఎప్పుడూ వినలేదు. చెప్పులు ఇసుకలో వదిలేసి, పంచె ఎగగట్టి, చల్లటి నీళ్లలోకి దిగాడు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డారో ఇద్దరికీ తెలియదు.

తిరిగి వచ్చి చూసేసరికి ఒక్క చెప్పూ లేదు.