సోమవారం పదింటికి చెక్కభజన

ఆ సోమవారం ఉదయం మద్దమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అరబ్బు దేశంలోని ఫింటాస్‌లో తాను పనిచేసే ఇంటి పెద్దావిడ, అక్కడి పిలుపులో మామా, మంచం దగ్గర్నుంచి హాలు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి. నడిచిన రోజున రెండు నెలలు సెలవిస్తానని మామా మాటిచ్చింది. మూడేళ్లుగా మొగుడి మొహం ఫోన్లో తప్ప చూడని మనిషికి ఇంతకంటే పెద్ద ప్లాను అక్కర్లేదు కూడా.

మామాకు పార్కిన్సన్స్ జబ్బు. చేతులు వణుకుతాయి, నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ప్రతి సోమవారం పదింటికి ఫిజియోథెరపీ డాక్టరమ్మ ట్యాబ్‌లో కనిపించి కసరత్తు చేయిస్తుంది. అదే జబ్బు రాయచోటి దగ్గర పల్లెలో మద్దమ్మ మొగుడు చిన్నపుల్లయ్యకూ ఉంది. ఆయనకు మాత్రం డాక్టరమ్మ లేదు. అందుకని మద్దమ్మ మూడో కంటికి తెలియకుండా ఇమో యాప్‌లో మొగుడికి వీడియో కాల్ కలిపి, మామా అందులో కనపడకుండా ఫోన్‌ను ట్యాబ్‌కు ఎదురుగా నిలబెడుతుంది. డాక్టరమ్మ చెయ్యెత్తమంటే చిన్నపుల్లయ్య కూడా ఎత్తుతాడు. నోరు మాత్రం మెదపకూడదు.

ఆ రోజు మామా కాళ్లు గది గుమ్మం దగ్గర ఆగిపోయాయి.

"యల్లా, కదులు మామా, ఒక్క అడుగు," అని మద్దమ్మ బతిమాలింది.

కాళ్లు వింటేనా. సరిగ్గా అప్పుడే అక్కడ చిన్నపుల్లయ్య కాళ్లూ ఆగాయి. ఆయన ఒకప్పుడు ఊరంతటికీ చెక్కభజన నేర్పిన గురువు. మొండికేసిన కాళ్లను ఎలా ఆడించాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెక్కలు అందుకుని తాళం మొదలుపెట్టాడు.

"ఎత్తు అడుగు," అని గట్టిగా అరిచాడు కూడా.

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఆ గదిలో మగమనిషి ఎవరు?"

"టీవీ, డాక్టర్," అంది మద్దమ్మ.

"అయితే ఆపు."

ఆపడానికి ఆ గదిలో టీవీ లేదు. కాల్ కట్ చేస్తే పోయేది. కానీ ఆ క్షణంలో అక్కడ అందరికంటే ఎక్కువ వణికినవి మద్దమ్మ చేతులే. ఫోన్ తీసి బీరువాలో బట్టల కింద కుక్కేసింది. ఆపమని తనతో ఎవరూ అనలేదు కనుక చిన్నపుల్లయ్య ఆపలేదు. డాక్టరమ్మ మేడమీదున్న మామా కొడుకు ఫహద్‌కు ఫోన్ చేసింది. అతను చెప్పులు కూడా వేసుకోకుండా గదిలోకి దిగే పక్క మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చాడు.

"బయటికి రా," అని బీరువాను అరబ్బీలో బెదిరించాడు.

"ఇంగ ఎన్ని అడుగులు మే?" అంది బీరువా, తెలుగులో.

తలుపు తీసి బట్టలు లాగితే చిన్నపుల్లయ్య చెమటలు కక్కుతూ కనిపించాడు. కొత్త మొహాన్ని చూసి మర్యాదగా సలాం పెట్టాడు.

"నా మొగుడు," అని మద్దమ్మ ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.

"అమ్మ గదిలో పరాయి మగాడా? నీ పని ఖలాస్," అన్నాడు ఫహద్.

మద్దమ్మ ఇంటికి పోవాలని మూడేళ్లు ఏడ్చింది నిజమే. కానీ ఇలా పంపేస్తే మళ్లీ రావడం ఉండదు, ఆయన మందులూ ఉండవు.

"అరవకు," అన్న మాట హాల్లోంచి వినిపించింది.

మామా సోఫా పక్కన నిలబడి ఉంది, ఒక్కతే. ఆ తాళం పట్టుకునే గుమ్మం దాటి హాలు చేరిందట. గొడవలో ఎవరూ చూడలేదు.

"మద్దమ్మకు రెండు నెలలు సెలవు, టికెట్ తియ్యి," అంది కొడుకుతో. మద్దమ్మ వైపు తిరిగి, "ఆయన్ను ఇంకెప్పుడూ బీరువాలో పెట్టకు," అంది.

మద్దమ్మ ఫోన్ తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. "మామా లీవు ఇచ్చె. శుక్రారానికి నీ కాడుంటా."

చిన్నపుల్లయ్య చెక్కలు పక్కన పెట్టాడు. "ఇప్పుడొద్దులే మే."

"యాంటికి?"

"ఈ పొద్దు పట్టుకోకుండా వాకిలి దాకా పోయినా. బస్సు నిలిచే కాడికి ఇంగా శానా దూరముండాది. నువ్వు దిగే పొద్దుకు నేనే నడ్సుకుంటా ఎదురు రావల్ల. నువ్వొచ్చేస్తే డాక్టరమ్మను నాకెవురు సూపిస్తారు? ఇంగ రెండు నెల్లు తాళు."

మద్దమ్మ తిట్టింది, ఏడ్చింది. పక్కన కూర్చుని ఒక్క పూట అన్నం పెట్టాలని ఉందనీ, మూడేళ్లుగా అంతకు మించి ఏదీ కోరుకోలేదనీ చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడే గానీ మాట మార్చలేదు.

మామా ఇచ్చిన సెలవు చిన్నపుల్లయ్య దగ్గర మంజూరు కాలేదు.