వన్స్‌మోర్ కుళాయి

నాటకం సమాజాన్ని మారుస్తుందని ఎట్టకేలకు అధికారికంగా నిర్ధారణ అయింది. ఇంతకాలం ఆ మాట నాటకాలు రాసేవాళ్ళే అనేవారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు దానికో విభాగం వచ్చింది, విభాగానికో బోర్డు వచ్చింది, బోర్డు కింద కూర్చోవడానికి కరుణాకరం గారు వచ్చారు. ఆయన హోదా నాటక చైతన్య పర్యవేక్షణాధికారి. (అంతకుముందు పశువుల టీకాల్లో ఉండేవారు. రెండింట్లోనూ ముఖ్యమైన సంగతి ఎదుటి ప్రాణి కదలకుండా చూసుకోవడమేనని ఆయనే ఒకసారి సెలవిచ్చారు.)

విభాగం బోణీ చేసింది సుమయ్య అనే అమ్మాయి రాసిన నాటకంతో. సుమయ్యకు మార్కాపురంలో జిరాక్సు దుకాణం ఉంది. సొంతూరు కొనకనమిట్ల వైపు రాళ్ళవాగు కాలనీ. (వాగు పేరులోనే ఉంది.) కాలనీ నడిమధ్యన ఒక కుళాయి ఉంది. దాన్ని బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. నీళ్ళు తప్ప అన్ని లాంఛనాలూ సక్రమంగా జరిగాయి. అప్పటినుంచి కాలనీ బతుకంతా వారానికోసారి వచ్చే ట్యాంకరు మీదే. అది వచ్చే రోజున ఎవరూ కూలికి పోరు.

అర్జీలు పెట్టి పెట్టి సుమయ్యకు విసుగొచ్చింది. "అర్జీ అయితే పక్కన పడేస్తారు. నాటకమైతే కూర్చోని చూస్తారు గదా" అని నాటకం రాసింది. అందులో ఒక ఇల్లాలు కుళాయి ముందు నిలబడి అధికారులందరినీ కడిగి పారేస్తుంది. (నీళ్ళు లేకుండానే.)

కరుణాకరం గారు చదివి ముచ్చటపడ్డారు. ఏవో చిన్న సవరణలు మాత్రం చెప్పారు.

"మొదటి సీన్లో ఈమె పొయ్యి వెలిగిస్తాదని రాసినావు. స్టేజీ మీద మంట ఉంటే పక్కన ఫైరింజను నిలబెట్టాలమ్మా, రూలు. యాడనుంచి తెచ్చేది? పొయ్యి తీసెయ్."

"మరి టీ ఎట్ల కాస్తది సార్?"

"కాసిందని జనం అనుకుంటారు. వాళ్ళకు అలవాటే. ఇంకోటి, చివర్లో కుళాయిలో నీళ్ళు రావాల."

"రావు గదా సార్! అందుకే గదా నేను రాసింది."

"నీళ్ళు రాని కుళాయి చూపిస్తే విమర్శ. నీళ్ళొచ్చే కుళాయి చూపిస్తే చైతన్యం. మాది చైతన్యం డిపార్ట్‌మెంటు."

సుమయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. స్క్రిప్టు చించేద్దామనే అనుకుంది. ఆమె పిన్నమ్మ గౌసియాబీ ఆపింది. "నాటకంలోనన్నా రానీ బిడ్డా. ఆ పంపులో నీళ్ళు పడితే ఎట్లుంటదో నేనూ ఒకసారి చూస్తా" అంది.

సమస్య ఉన్నచోటే నాటకం ఆడాలని ఇంకో నిబంధన ఉంది. అందువల్ల ఆ కుళాయి చుట్టూనే స్టేజీ కట్టారు. వీడియో తీసి పైకి పంపాలి కాబట్టి నీళ్ళు నిజమైనవే కావాలన్నారు. అందువల్ల తెర వెనక ఒక ట్యాంకరు నిలబెట్టి, కుళాయికి గొట్టం తగిలించారు. డ్రైవరు కోటయ్యకు గట్టిగా చెప్పారు: పద్యం ఎత్తుకోగానే వాల్వు తిప్పాలి, పద్యం అయిపోగానే కట్టేయాలి.

పద్యం పాడేది గిద్దలూరు కోటేశ్వర్లు. కుళాయి తిప్పే అధికారి వేషం ఆయనది. గిద్దలూరు నుంచి పామూరు దాకా ఆయన ఎక్కని స్టేజీ లేదు. జనం వన్స్‌మోర్ అంటే పాడకుండా దిగిన రోజూ లేదు. వన్స్‌మోర్ కాదనడం ఆయన దృష్టిలో ఇంటికొచ్చిన చుట్టాన్ని గడపలోనుంచే పంపేయడం.

సాయంత్రం ఆడవాళ్ళంతా బిందెలతో సహా విచ్చేశారు. కరుణాకరం గారు కనుబొమలు ముడిచారు.

"ఈ బిందెలేందమ్మా?"

"బోర్లించుకోని కూర్చోనీకి సార్" అంది గౌసియాబీ. "కుర్చీలు ఎయ్యలేదు గదా మీరు."

నాటకం నడిచింది. ఆఖరి సీన్లో కోటేశ్వర్లు కుళాయి మీద చెయ్యి వేసి పద్యం ఎత్తుకున్నారు. కుళాయి రెండుసార్లు దగ్గి, భళ్ళున నీళ్ళు పోసింది. గౌసియాబీ స్టేజీ ఎక్కి, ఆ నీళ్ళతో ముఖం కడుక్కుని, తర్వాత బిందె పెట్టింది. నాటకం చూద్దామని మార్కాపురం నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పద్యం అయిపోయింది. నీళ్ళు ఆగిపోయాయి. బిందె సగమే నిండింది.

"వన్స్‌మోర్!" అని అరిచింది గౌసియాబీ.

కోటేశ్వర్లు వినయంగా తలవంచి మళ్ళీ ఎత్తుకున్నారు. కోటయ్య వాల్వు తిప్పాడు. ఇక కాలనీ మొత్తం రసికులైపోయారు. వరస కట్టి, బిందె మార్చినప్పుడల్లా వన్స్‌మోర్. డ్రమ్ములు తెచ్చినవాళ్ళు రాగం ఇంకాస్త సాగదీయమని కోరారు. సుమయ్య తెర పక్కనుంచి "రాగం తగ్గనియ్యొద్దు బాబాయ్!" అని చేతులు జోడించింది. ఆయన గొంతు పోయింది గానీ మాట పోనివ్వలేదు.

కరుణాకరం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇంత కళాతృష్ణ నా సర్వీసులో చూడలే" అన్నారు. ట్యాంకరు ఖాళీ అయిన మరుక్షణం ప్రేక్షకులూ ఖాళీ అయ్యారు. మంగళం పాడుతుంటే వినడానికి మిగిలింది ఆయనా నేనూ మాత్రమే.

వీడియో పైకి వెళ్ళింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాళ్ళవాగు కాలనీ కుళాయిలో నీరు పదేపదే ధారాళంగా వచ్చినట్టు రుజువైనందున, సదరు కాలనీకి వారంవారం పంపే ట్యాంకరును తక్షణం నిలిపివేయడమైనది.

సుమయ్య పరుగున పోయింది. "సార్, అది నాటకం! ఉన్న ట్యాంకరు గూడా పోయింది, జనం గొంతు తడుపుకునేది ఎట్ల?"

"నీ నాటకంతో సమాజం మారిందని రాసి పంపినా గదమ్మా. ఇప్పుడు మారలేదని నువ్వే వచ్చి చెబితే ఎట్ల?" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని. ఆమెకు శాలువా కప్పి, రెండో నాటకం కూడా అప్పగించారు. పైవాళ్ళు నిర్ణయించిన ఇతివృత్తం: నీటిని పొదుపుగా వాడుకోవడం.

సుమయ్య ఈసారి ఎదురు చెప్పలేదు. మొదటి సీన్లోనే ఇల్లాలు పొయ్యి వెలిగిస్తుంది. రెండో సీన్లో పొయ్యిలో మంట పెద్దదవుతుంది. మూడో సీన్లో ఊరంతా మంట ఆర్పుతుంది. చదివి కరుణాకరం గారు కాసేపు గడ్డం గీరుకున్నారు. మొదటి నాటకం పైవాళ్ళకు నచ్చింది కాబట్టి, రూలు ప్రకారం ఫైరింజను తెప్పిస్తామని హామీ ఇచ్చారు.

"ఫైరింజను ట్యాంకరు కన్నా పెద్దదేనా బిడ్డా?" అని అడిగింది గౌసియాబీ.

కాలనీలో ఇప్పుడు అందరూ ఆ మంట కోసం ఎదురుచూస్తున్నారు.