రెండు యూనిట్ల తేడా

ఆదివారం, నెలాఖరు. లెక్కల మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది: మేడెక్కి సోలార్ ప్యానెళ్లు తుడవడం, దిగి కాఫీ తాగడం, సాయంత్రానికి బావమరిదిని ఓడించడం.

ఆ బావమరిది పక్క వీధిలో టైలరు. ఇద్దరి ఇళ్ల మీదా ఒకే మెకానిక్ ఒకే రోజున నాలుగేసి ప్యానెళ్లు బిగించాడు. ఎవరివి ఎన్ని యూనిట్లు తయారుచేశాయో ఎవరి ఫోనులో వాళ్లకి కనిపిస్తుంది. ఊరికే చూసి ఊరుకోబుద్ధి కాక ఇద్దరూ పందెం వేసుకున్నారు. నెలాఖరుకి ఓడినవాడు గెలిచినవాడి ప్యానెళ్లు ఏడాదిపాటు ప్రతి ఆదివారం తుడవాలి. ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లలందరి తప్పులూ దిద్దిన మాస్టారికి, బావమరిది మేడ మీద తాను బకెట్టుతో నిలబడడం తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుండేది. ఇప్పటికి ఆయన రెండు యూనిట్లు వెనకబడి ఉన్నారు.

ప్యానెళ్లు తళతళలాడేలా తుడిచి ఫోను చూసుకున్నారు. అంకెలో ఉలుకూ పలుకూ లేదు. అంతలో టైలరే ఫోన్ చేశాడు.

"బావా, ఇవాళ నా ప్యానెళ్లకి ఏం పూనిందో గానీ ఒకటే ఉరుకు! నేను గుడ్డ కూడా తగిలించలేదు."

మాస్టారికి ఒళ్లు మండింది. ఆరేసిన బట్టల నీడ పడుతోందని, భార్యకి చెప్పకుండా దండెం కోసేశారు. తడిబట్టలన్నీ దుమ్ములో పడ్డాయి. మళ్లీ ఫోన్ మోగింది.

"బావా, ఇంకా పెరిగింది! నేను కూర్చున్న చోటు నుంచి లేవలేదు!"

ఇక మాస్టారికి మంచీ చెడ్డా కనపడలేదు. మంచం మీది దుప్పటి చంకలో పెట్టుకుని పక్క వీధికి నడిచారు. టైలరు కింద కొట్లో ఉన్నాడు, కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిల్లిలా బయటి మెట్లెక్కారు. రెండు ప్యానెళ్లు మూసుకుంటే మిగతావీ నీరసిస్తాయని మెకానిక్ ఎప్పుడో చెప్పిన మాట ఆయనకి బాగా గుర్తుంది. రెంటి మీదా దుప్పటి కప్పి, మూలల్లో ఇటుకలు పెట్టి వచ్చేశారు. కాపీ కొట్టిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదలని మనిషి ఆయన. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచారు.

ఇంటికొచ్చి ఫోను తీస్తే తన ప్యానెళ్లే చతికిలబడి ఉన్నాయి.

"ఎండ మండిపోతుంటే నావి పడుకున్నాయేమిటయ్యా? నువ్వు బిగించిన తీరు ఇదేనా?" అని మెకానిక్‌ని చెడామడా తిట్టి పిలిపించారు. అక్క ఇంట్లో ఏదో గొడవని తెలిసి టైలరూ వచ్చాడు.

మెకానిక్ పైకెళ్లి చూసి, "మాస్టారూ, బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు. పరీక్షకని స్విచ్చి ఆపాడు.

"అయ్యో, నావి ఆగిపోయాయి!" ఫోను చూసుకుంటున్న టైలరు అరిచాడు.

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. "ఆ రోజు హడావుడిలో మీ ఇద్దరి ఫోన్లకీ ప్యానెళ్లు తారుమారుగా కలిపేశానండీ. మాస్టారూ, మీరు చూసుకుంటున్నవి ఆయన ప్యానెళ్లు, ఆయన చూసుకుంటున్నవి మీవి. అంటే నెలంతా గెలుస్తున్నది మీరే."

మాస్టారు ఆనందం పట్టలేక బావమరిదిని కావలించుకున్నారు.

"సరే బావా, మరి నా ఇంటి మీదవి ఎందుకు పడుకున్నట్టు?" అన్నాడు టైలరు ఆ కౌగిట్లోంచే.

అందరూ పక్క వీధికి బయలుదేరారు. "ఇంత ఎండలో ఎందుకు, రేపు చూద్దాం" అన్న మాస్టారి మాట ఎవరూ వినిపించుకోలేదు.

మేడ మీద టైలరు దుప్పటి అంచు చేతిలోకి తీసుకుని, తిప్పి చూశాడు. "ఈ కుట్టు నాదే. అక్కకి కుట్టిచ్చిన దుప్పటి ఇది."

దుమ్ములో పడ్డ బట్టల్ని రెండోసారి ఉతికి అలిసిపోయిన భార్య మాస్టారి వంక చూసింది.

"అయితే దండెం కోసింది కూడా మీరేనన్నమాట."

మాస్టారు వంగి ఇటుకలు ఒక్కొక్కటే తీయసాగారు.

"గెలిచింది మన ప్యానెళ్లు, ఓడింది మీరు" అని ఆవిడ తీర్పు చెప్పింది. "వచ్చే ఆదివారం నుంచి తమ్ముడింటికి బకెట్టు పట్టుకెళ్లండి. దుప్పటి అక్కర్లేదు."

మెకానిక్ ఇద్దరి ఫోన్లూ సరిచేసి వెళ్లాడు. మరుసటి ఆదివారం మాస్టారు బావమరిది మేడ మీద నాలుగు ప్యానెళ్లూ తుడిచారు. కింది నుంచి టైలరు, "బావా, అంకె పెరిగింది!" అని కేకేశాడు.

ఈసారి లెక్క సరిపోయింది.