స్పీకర్లు ఉన్నట్టే తెలియని గది

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా అక్కావాళ్ళ ఇంట్లో ముందుగదిని ముందుగది అనడం నిలిపివేయడమైనది. ఇకపై దాన్ని శ్రవణశాల అనాలి. చెప్పులు గుమ్మం బయట విడవాలి, మాటలు వీధి బయట విడవాలి. తుమ్ములున్నవారు ముందే తుమ్ముకుని రావాలి.

ఈ ప్రకటన చెప్పినవారు మా బావగారు, రాసి తలుపుకి అంటించినవాణ్ణి నేను. ఆఫీసులో పదకొండేళ్ళుగా మీటింగుల్లో ఎవరేమన్నారో రాయడమే నా ఉద్యోగం. ఎవరెంత అర్థంలేని మాట అన్నా అందంగా రాస్తానని నాకు పేరు. అందుకని ఇంట్లో కూడా ఆ పని నాకే అప్పగించారు.

అసలు సంగతి మూడు నెలల కిందట మొదలైంది. బీరువా సర్దుతుంటే మా అక్కకి ఒక పాత కాసెట్టు దొరికింది. తను పదిహేడేళ్ళప్పుడు పాడిన పాట అందులో ఉంది. మా నాన్న టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని స్వయంగా పట్టిన పాట. ఆ టేప్ రికార్డర్ ఎప్పుడో మూలపడింది, తర్వాత నాన్న కూడా పోయారు. పాతికేళ్ళుగా ఆ పాటని ఎవరూ వినలేదు. అక్క కాసెట్టు మీద దుమ్ముని అరచేత్తో తుడిచి, "ఒక్కసారి వినాలనుందండీ" అంది.

బావగారు కరిగిపోయారు. ఆయన మనసు మంచిది కాదని నేనెక్కడా అనను. మర్నాడే ఒక రికార్డింగ్ స్టూడియో అతని దగ్గరికి వెళ్ళి, కాసెట్టులోని పాటని కంప్యూటర్లోకి ఎక్కించుకుని వచ్చారు. అప్పుడే మీట నొక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆయన మంచి మనసు అడ్డుపడింది.

"నీ పాటని ఈ డొక్కు కంప్యూటర్లో వినిపిస్తానా? తగిన ఏర్పాట్లు చేశాకే వినిపిస్తాను" అన్నారు.

ఏర్పాట్లు మొదలయ్యాయి. కొత్త కంప్యూటర్ వచ్చింది. దానికి గోడంత తెర వచ్చింది. కంప్యూటర్లోని అంకెల్ని పాటగా మార్చే చిన్న పెట్టె ఒకటి, ఆ పాటకి బలం పట్టించే ఆంప్లిఫయర్ ఒకటి, నా నడుమెత్తు స్పీకర్లు రెండు, వీటన్నిటినీ కలిపే వైర్లు ఒక గంపెడు వచ్చాయి. ఆ గోడంత తెర వెనక బఠాణీ గింజలంత స్పీకర్లు రెండు ఊరికే వస్తాయని అట్టపెట్టె మీద అచ్చేసి ఉంది. ఆ సంగతి ఎవరూ చదవలేదు. పాఠకులు మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోవాలి.

బావగారు భూమి కొలతల ఆఫీసులో పనిచేస్తారు. కాబట్టి కుర్చీ నుంచి ఎడమ స్పీకరుకి ఎంత దూరమో కుడి స్పీకరుకీ అంతే దూరం ఉండేలా నూలుతాడు పట్టి, సుద్దముక్కతో నేలమీద గీతలు గీశారు. తల ఎక్కడ ఉండాలో కూడా గోడమీద గుర్తు పెట్టారు. ఆ ఇంట్లో సరిగ్గా వినిపించే చోటు ఒకే ఒక్కటి ఉందని, అది ఒక్క మనిషికే సరిపోతుందని లెక్క తేలింది. మిగిలినవాళ్ళు వింటున్నామని అనుకోవచ్చు గానీ, అది వినడం కిందకి రాదు.

ఈ విద్యలో కొత్తగా చేరినవాళ్ళు వెంటనే పాటలు వినకూడదట. ముందు పరీక్ష శబ్దాలు వినాలి. గాజుగ్లాసు పగలడం, రైలు వెళ్ళిపోవడం, ఎవరో అగ్గిపుల్ల గీయడం. మూడు వారాలపాటు ఆ ఇంట్లో పొద్దున్న నాలుగు గ్లాసులు, సాయంత్రం నాలుగు గ్లాసులు పగిలాయి. పైవాటాలో ఉండే పెద్దావిడ రెండుసార్లు దిగి వచ్చి, "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదమ్మా?" అని అడిగి వెళ్ళింది. మూడోసారి రాలేదు. మొగుడూ పెళ్ళాల గొడవలో మనమెందుకు తలదూర్చడం అనుకుని ఉంటుంది.

ఇంత పెద్ద వ్యవహారం ఒక్కరివల్ల కాదు కాబట్టి శుద్ధ శ్రవణ మండలి ఏర్పడింది. అధ్యక్షులు పళ్ళ డాక్టరు గారు. సాంకేతిక సలహాదారు రిటైరైన సైన్సు మాస్టారు. పాటలో బాగున్నదంతా వైరువల్లనే, బాగాలేనిదంతా వేరే వైరువల్లనే అని ఆయన సిద్ధాంతం. అందుకని వైరు మాస్టారు అంటారు. మూడో సభ్యుడు ఫొటోస్టాట్ షాపాయన. చివర ఎవరు ఏమంటే ఆయనా అదే అంటాడు, అక్షరం పొల్లుపోదు. నాకు చెవి లేదని మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తేలింది గనక నన్ను కార్యదర్శిని చేశారు.

ఇక్కడ మా అక్క సంగతి కూడా చెప్పాలి. అక్క కాలేజీలో కంప్యూటర్ గది చూసుకుంటుంది. రోజూ ఆరు తరగతి గదుల్లో కంప్యూటర్లకి తెరలూ మైకులూ స్పీకర్లూ కలిపి, పాఠం వెనక బెంచీదాకా వినబడేలా చేయడం ఆమె ఉద్యోగం. అందుచేత ఈ విషయంలో ఆమెని ఎవరూ సలహా అడగలేదు.

అయినా అక్క ఊరుకోలేదు. ఒకరోజు స్పీకర్లు తుడుస్తూ, వాటి మీద అరచెయ్యి ఆనించి చూసింది. అప్పుడు పరీక్ష రైలు వెళ్తోంది.

"ఏమండీ, ఈ స్పీకర్లు మోగట్లేదు" అంది.

"మంచి స్పీకరు మోగదమ్మా, పలుకుతుంది" అన్నారు వైరు మాస్టారు.

"పలకట్లేదు కూడా మాస్టారూ. ఆ రైలు ఇంకెక్కణ్ణుంచో వస్తోంది."

"నీకింకా చెవి కుదురుకోలేదు. రెండు వందల గంటలు పడుతుంది" అన్నారు బావగారు, ప్రేమగానే.

అక్క ఆ మాట ఇంకో రెండుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను అక్కడే ఉన్నాను. సభ్యులు కానివారి మాటలు నమోదు చేయకూడదు కాబట్టి రాయలేదు.

ఆ తర్వాత నిశ్శబ్దం మీద దృష్టి పెట్టారు. మంచి వ్యవస్థకి మంచి నిశ్శబ్దం కావాలి. వినే వేళల్లో ఫ్రిజ్, ఫ్యాన్ ఆపెయ్యాలని తీర్మానించారు. గోడ గడియారాన్ని స్నానాలగదికి బదిలీ చేశారు. అక్కడది ఈనాటికీ సబ్బు పెట్టె పక్కన నిలబడి సరైన టైము చూపిస్తోంది. ఏడో తీర్మానం ఇది: "గృహిణి వంటగదిలో పనిచేసుకుంటూ కూనిరాగాలు తీయుటవలన నేపథ్య నిశ్శబ్దమునకు భంగము వాటిల్లుచున్నందున, సదరు రాగములను తక్షణమే నిలుపుదల చేయవలెను." రాసింది నేనే. ఒక్క అక్షరదోషం లేదు.

చిన్నప్పట్నుంచీ అక్కకి ఆ అలవాటు ఉంది. అన్నం కలిపినా, జడ వేసుకున్నా ఏదో ఒకటి పాడుకుంటూనే ఉండేది. ఏడో తీర్మానం తర్వాత ఆపేసింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించేది. ఫ్రిజ్ ఆపడంవల్ల కాబోలు అనుకున్నాను.

ఇలా మూడు నెలలు గడిచాక, వ్యవస్థ మా అక్క పాటని వినిపించే అర్హత సంపాదించిందని మండలి ధ్రువీకరించింది. ఆదివారం పదకొండు గంటలకి ప్రారంభోత్సవం. సరిగ్గా వినిపించే చోటు ఒక్కటే కాబట్టి నాలుగు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేశారు. అధ్యక్షులు ముందు, వెనక వైరు మాస్టారు, ఆయన వెనక ఫొటోస్టాట్ షాపాయన, చివర బావగారు. టికెట్ల కిటికీ ముందు నలుగురు కూర్చున్నట్టు ఉంది. నేను పక్కన స్టూలు మీద, కాగితాలతో. పాట పాడిన మనిషికి కుర్చీ లేదు. ఆమె వంటగదిలో టీ పెడుతోంది.

డాక్టరు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! నోరు తెరిపించడం నా వృత్తి. చెవులు తెరిపించడం నా వ్రతం. ఈనాడు లోకంలో వింటున్నవాళ్ళే గానీ విన్నవాళ్ళు లేరు. ఇంట్లో రెండు చెవులున్న మనుషులు నలుగురుంటారు, మొత్తం ఎనిమిది చెవులు, వినేది ఎన్ని? ఈ ప్రశ్నకి జవాబే మన మండలి!"

చప్పట్లు శబ్దం కింద లెక్క కాబట్టి కొట్టలేదు. బావగారు ఫ్రిజ్, ఫ్యాన్ ఆపేసి, మీట నొక్కారు.

పాట వచ్చింది. పక్కింటివాళ్ళ ఫోన్లోంచి వస్తున్నట్టు సన్నగా, పీలగా వచ్చింది. నలుగురూ కళ్ళు మూసుకున్నారు. చెమటలు కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు.

"ఆహా! శబ్దం సరిగ్గా మధ్యలోంచి వస్తోంది" అన్నారు డాక్టరు గారు. "ఎడమా లేదు, కుడీ లేదు. అసలు స్పీకర్లు ఉన్నట్టే తెలియడం లేదు!"

ఈ విద్యలో ఇంతకు మించిన బిరుదు లేదట.

"ఆ ఘనత వైరుది. నిన్ననే మార్పించాను" అన్నారు వైరు మాస్టారు.

"నిన్ననే మార్పించారు" అన్నాడు ఫొటోస్టాట్ షాపాయన.

బావగారి ముఖం వెలిగిపోయింది. "స్పీకర్లు ఉన్నట్టే తెలియడం లేదు" అని నేను రాసి, కింద గీత కూడా గీశాను.

అప్పుడు అక్క టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. పాతికేళ్ళ తర్వాత తన గొంతు తనకి చెవిన పడింది, పీలగా, తలుపు సందులోంచి వచ్చే గాలిలా. ఆ ముఖం చూడలేక నేను కాగితంలోకి తల దించుకున్నాను.

తర్వాత అక్క లోపలికి వచ్చింది. పళ్ళెం తీసుకెళ్ళి ఎడమ స్పీకరు మీద పెట్టింది. మండలికి ఊపిరాగినంత పనైంది. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, తెర కింద మూల ఉన్న చిన్న స్పీకరు బొమ్మ మీద నొక్కింది. రెండు పేర్లు కనిపించాయి. పైది తెర పేరు, కిందది బావగారు కొన్న చిన్న పెట్టె పేరు. ఇన్నాళ్ళూ టిక్కు పైదాని పక్కనే ఉంది. కిందదాని మీద నొక్కింది.

మూడు నెలల్లో మొదటిసారి ఆ స్పీకర్లు నోరు తెరిచాయి.

గది నిండిపోయింది. పదిహేడేళ్ళ మా అక్క మధ్యలో కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. ఒకచోట రాగం జారబోతే నవ్వు ఆపుకోవడం కూడా తెలుస్తోంది. పళ్ళెంలో టీ కప్పులు సన్నగా వణికాయి.

డాక్టరు గారు కళ్ళు తెరిచి, పన్ను సలిపినట్టు ముఖం పెట్టారు. "ఏదో తేడా వచ్చిందండీ. ఇప్పుడు స్పీకర్లు ఉన్నట్టు తెలుస్తోంది!"

"తెలుస్తోంది" అన్నాడు ఫొటోస్టాట్ షాపాయన.

"పళ్ళెం బరువుకి వైరు నలిగింది" అన్నారు వైరు మాస్టారు.

పాట అయిపోయింది. కానీ టేపు ఆగలేదు. కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత మా నాన్న గొంతు.

"చాలు తల్లీ. గొంతెండిపోయుంటుంది. ఒరేయ్, అక్కకి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చివ్వరా!"

దూరంగా ఇంకో గొంతు, తొమ్మిదేళ్ళది: "ఉండు నాన్నా, రాసుకుంటున్నా!"

టప్పున టేపు ఆగింది.

ఆ నీళ్ళు నేను తెచ్చానో లేదో నాకు గుర్తు లేదు. తెచ్చి ఉండను. ఏం రాసుకుంటున్నానో కూడా గుర్తు లేదు.

"చివర్లో ఆ రెండు గొంతులూ అనవసర శబ్దాలు" అన్నారు డాక్టరు గారు. "వాటిని కత్తిరించి, వ్యవస్థని పూర్వస్థితికి తేవాలని ప్రతిపాదిస్తున్నాను. కార్యదర్శి గారూ, రాసుకోండి."

కార్యదర్శి రాయలేదు. కార్యదర్శి కాగితాలు స్టూలు మీద పడేసి వంటగదిలోకి వెళ్ళాడు, గ్లాసుడు నీళ్ళ కోసం. కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి లిఖితపూర్వక ఆధారం లేదు. తిరిగొచ్చేసరికి బావగారు కళ్ళు తుడుచుకుంటూ, "డాక్టరు గారూ, కాసేపు నోరు మూసుకుంటారా? మామగారి మాట ఇంకోసారి వినాలి" అంటున్నారు. అందరినీ నోరు తెరవమనే మనిషికి ఆ మాట చెప్పినవారు బహుశా మా బావగారే మొదటివారు.

అక్కకి నీళ్ళిచ్చాను. పాతికేళ్ళు ఆలస్యంగా. గ్లాసు చివరిదాకా తాగింది.

"ముందే చెప్పచ్చు కదా!" అన్నారు బావగారు.

"మూడుసార్లు చెప్పానండీ. నాలుగోసారి నుంచీ, ఎన్నాళ్ళు వింటారో చూద్దామని ఊరుకున్నా" అంది అక్క. ఆయన ముందు సిగ్గుపడి, తర్వాత ఫక్కున నవ్వి, తన కుర్చీ తెచ్చి సుద్దగీతల మధ్య ఆమెకి వేశారు. అక్క దాన్ని కిటికీ దగ్గరికి లాక్కుని, ఫ్యాన్ వేసుకుని కూర్చుంది. పాట మళ్ళీ మొదటినుంచీ పెట్టించుకుంది.

మండలి గౌరవంగా లేచి వెళ్ళిపోయింది. సదరు ఇంట్లో ధ్వని స్వచ్ఛత గృహిణి జోక్యంవల్ల దెబ్బతిన్నదని తర్వాతి సమావేశంలో విచారం ప్రకటించారట. సభ్యులు ముగ్గురూ ఆ వైరే కొనుక్కున్నారట. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళల్లోనూ స్పీకర్లు ఉన్నట్టే తెలియడం లేదని వినికిడి.

అక్కావాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది. వంటగదిలోంచి కూనిరాగం వస్తోంది. ఏడో తీర్మానాన్ని నేనే స్వయంగా చింపేశాను.

ఇంతటితో నివేదిక సమాప్తం. ఇంతసేపూ ఓపిగ్గా చదివారు, సంతోషం. ఇందాకట్నుంచీ మీ ఇంట్లో పక్కగదిలోంచి ఎవరో మిమ్మల్ని పిలుస్తున్నారు, గమనించారో లేదో. "ఉండు, చదువుకుంటున్నా" అన్నట్టున్నారు.